రొయ్యల కంటైనరుకు ఎలక్ట్రానిక్ బోల్టు సీలు: మూడేళ్ల వాడకం తరువాత

పశ్చిమ గోదావరి జిల్లాలో రొయ్యలను శుద్ధి చేసి, గడ్డకట్టించి ఎగుమతి చేసే ఒక మధ్యతరహా ప్లాంటులో డిస్పాచ్ బాధ్యత నాది. మా సరుకులో ఎక్కువ భాగం విశాఖపట్నం రేవు మీదుగా అమెరికాకు వెళ్తుంది. గత మూడేళ్లుగా ప్రతి కంటైనరుకూ ఒకే సరఫరాదారు దగ్గర కొన్న, తలుపు గడియకు వేసే, రేడియో తరంగాలతో చదివే చిప్ ఉన్న ఆర్‌ఎఫ్‌ఐడీ బోల్టు సీలును, దానితోపాటు ఇచ్చే మొబైల్ యాప్‌ను, పోర్టల్‌ను వాడుతున్నాం. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే మంచిచెడ్డల్లో చాలావరకు ఈ తరహా సీళ్లన్నిటికీ వర్తిస్తాయి. కొత్తగా కొనేవారు ఏ కంపెనీని ఎంచుకున్నా ఏమేం అడగాలో తెలియజేయడమే నా ఉద్దేశం.

ఈ సీలు అసలు మన చేతికి ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి. 2017కు ముందు ఫ్యాక్టరీలోనే కంటైనరు నింపుకునే ఎగుమతిదారు దగ్గరకు సెంట్రల్ ఎక్సైజ్ అధికారి వచ్చి, తన కళ్లెదుట సరుకు ఎక్కించి, సీలు వేసి, కాగితం మీద సంతకం చేసి వెళ్లేవారు. 2017 జూలై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చింది. ఆ ఏడాదే కేంద్ర పరోక్ష పన్నుల శాఖ అధికారి పర్యవేక్షణను తీసివేసి, ఎగుమతిదారే స్వయంగా సీలు వేసుకునే పద్ధతిని తెచ్చింది; ఒక్కసారి మాత్రమే పనికివచ్చే, విప్పితే తెలిసిపోయే ఆర్‌ఎఫ్‌ఐడీ బోల్టు సీలును అందుకు తప్పనిసరి చేసింది. అధికారి కోసం ఎదురుచూసే బాధ తప్పిందని అప్పట్లో అందరం సంతోషించాం. అయితే ఆ కంటైనరులో ఏముందో, ఏమి లేదో హామీ ఇస్తూ అధికారి సంతకం ఉండే చోటికి ఇప్పుడు మా సంతకం వచ్చింది. ఈ సంగతిని సీలు అమ్మేవారు చెప్పరు, కొనేవారిలో చాలామంది ఆలోచించరు. అందువల్ల ఈ వస్తువును ధరతోనూ గట్టిదనంతోనూ మాత్రమే కాక, ఆ సంతకం బరువు మోయడానికి అది మాకు ఎంతవరకు సాయపడుతోందన్న లెక్కతో చూశాను.

ముందు వస్తువు సంగతి. పెట్టె విప్పితే ఒక్కో సీలు రెండు ముక్కలుగా ఉంటుంది: వేలెడంత పొడవున్న ఉక్కు బోల్టు ఒకటి, దాని కొసను లోపలికి తీసుకుని మళ్లీ వదలని గుండ్రని తల ఒకటి. రెండింటికీ పైన గట్టి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. మేము కొన్న వాటిలో రెండు ముక్కల మీదా ఒకే నంబరు లేజరుతో చెక్కి ఉంది, పక్కనే తయారీదారు గుర్తు, ఇంగ్లిషు అక్షరం ‘హెచ్’ ఉన్నాయి. ఆ హెచ్ చిన్నదే అయినా ముఖ్యమైనది. ఐఎస్‌ఓ 17712 ప్రమాణం సీళ్లను సూచిక సీలు, భద్రతా సీలు, అధిక భద్రతా సీలు అని మూడు తరగతులుగా విభజిస్తుంది. హెచ్ అంటే వాటిలో పై తరగతి. లాగుడు పరీక్షలో 10 కిలోన్యూటన్ల బలాన్ని, అంటే దాదాపు ఒక టన్ను బరువు వేలాడదీసినంత లాగుడును తట్టుకుంటేనే ఆ అక్షరం వేయాలి. అమెరికాకు సముద్రమార్గంలో వెళ్లే సరుకు నింపిన ప్రతి కంటైనరుకూ ఈ ప్రమాణానికి సరిపడే సీలు ఉండాలన్న నిబంధన 2008 అక్టోబరు 15 నుంచి అమల్లో ఉంది. కాబట్టి చవకగా దొరుకుతుందని రేకు సీలు, హెచ్ గుర్తు లేని కేబులు సీలు వేసి పంపే ఆలోచన మా వ్యాపారంలో ఎవరూ చేయకూడదు.

లేజరు నంబరు గురించి మరొక మాట చెప్పాలి, ఎందుకంటే మా పని చలిలోనూ తడిలోనూ సాగుతుంది. లోడింగ్ బే తలుపు తెరిచిన క్షణం నుంచి లోపలి చల్లగాలి బయటి ఉక్కతో కలిసి ఆవిరి కడుతుంది. చేతి తొడుగులు తడిసిపోతాయి, కాగితం మీద ఇంకు పరుచుకుంటుంది. అంతకుముందు వాడిన ఒక రకం సీలు మీద నంబరును స్టిక్కరుగా అంటించి ఇచ్చేవారు. ఆ స్టిక్కరు అంచు తడికి లేచి, కొన్ని సందర్భాల్లో చివరి రెండంకెలు చదవడానికి వీలుకాక టార్చి లైటు వేసి చూడవలసి వచ్చేది. ఇప్పుడు వాడే సీలు మీద నంబరు గోటితో గీకినా చెరగదు. అయితే బార్‌కోడ్ మాత్రం ఇంకా అతికించిన కాగితమే. వర్షాకాలంలో అది ఊడిపోతోంది. ఈ ఫిర్యాదు మూడుసార్లు రాశాను.

సీలు బిగించే పద్ధతిని మా దగ్గర నాలుగు మాటల్లో నేర్పుతున్నాం: చూడు, సరిపోల్చు, లాగు, తిప్పు. సీలునూ తలుపు గడియనూ చూడాలి; నంబరును కాగితంతో సరిపోల్చాలి; బిగించాక గట్టిగా కిందికి లాగాలి; ఆ తరువాత రెండు ముక్కలనూ చెరోవైపు తిప్పి, మర విప్పినట్టు వదులు కావడం లేదని నిర్ధారించుకోవాలి. బోల్టు తలలో పడినప్పుడు టక్కుమని ఒక శబ్దం వస్తుంది. కొత్తగా చేరిన వాళ్లు ఆ శబ్దం వినగానే పని అయిపోయిందనుకుంటారు. ఒక రాత్రి శబ్దం వచ్చినా లాగేసరికి తల ఊడి చేతికి వచ్చింది. బోల్టు గాడిలోకి పూర్తిగా దిగలేదు. అది లాగి చూడకుండా రోడ్డెక్కి ఉంటే ఎక్కడో టోల్‌గేటు దగ్గర కుదుపుకు ఊడిపోయేది, మా సరుకు మీద అనుమానం పడేది. మూడేళ్లలో ఇలా జరిగింది ఆ ఒక్కసారే కాబట్టి నాణ్యతలో ఈ సీలుకు మంచి మార్కులే వేస్తాను. బిగించవలసినది కుడి తలుపు గడియకే అని కూడా నేర్పాలి. కంటైనరులో ముందు తెరుచుకునేది కుడి తలుపే, దాని అంచు ఎడమ తలుపును కప్పి ఉంటుంది.

సీలు ఎంత గట్టిదైనా దాన్ని ముట్టుకోకుండానే కంటైనరు తెరిచే మార్గాలు ఉన్నాయని కొనేవారు గ్రహించాలి. గడియ పిడిని పట్టి ఉంచే రివెట్టును తొలిచి, పిడిని సీలుతో సహా పక్కకు తప్పించి, పని ముగిశాక కొత్త రివెట్టు బిగించి రంగు పూసేస్తే సీలు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. అందుకే మా తనిఖీదారు సీలు కంటే ముందు రివెట్లను, కీళ్లను చూస్తాడు: పాత తుప్పు మధ్య ఒక్క రివెట్టు తల మెరుస్తోందా, ఒక్కచోట రంగు తాజాగా ఉందా, తట్టితే గోడ శబ్దం ఒకచోట బోలుగా, మరోచోట బరువుగా వస్తోందా. మాది రీఫర్, అంటే చల్లబరిచే యంత్రం ఉన్న కంటైనరు కాబట్టి అందరూ చెప్పే ఏడు చోట్లకు తోడు ఎనిమిదోది ఒకటి ఉంది. ముందుగోడ, ఎడమ, కుడి, నేల, పైకప్పు, లోపలా బయటా తలుపులు, అడుగుభాగం చూసిన తరువాత, చల్లబరిచే యంత్రంలోని ఫ్యాన్ ఉండే అర కూడా తెరిచి చూడాలి. మత్తుపదార్థాలను రీఫర్ యంత్రభాగాల్లో, గోడ పలకల నడుమ దాచి పంపడం ప్రపంచంలోని అనేక రేవుల్లో బయటపడింది. ఖాళీ కంటైనరు గేటు లోపలికి రాగానే ఈ తనిఖీ చేసి, తేదీ, సమయం, కంటైనరు నంబరు, చూసిన భాగాలు, చూసినవారి పేరు రాసి సంతకం చేయాలి. ఇది పూర్తయ్యాకే మేము కంటైనరుకు కరెంటు ఇచ్చి చల్లబరచడం మొదలుపెడతాం.

ఇప్పుడు యాప్, పోర్టల్ సేవ. సీలు వేసిన వెంటనే ఎగుమతిదారు కోడ్, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) నంబరు, తేదీ, కంటైనరు నంబరు, లారీ నంబరు, సీలు నంబరు, వేసిన సమయం, ఏ కస్టమ్స్ స్టేషనుకు వెళ్తోందన్న వివరాలు నమోదు చేయాలి. రేవులో అధికారి చేతిలోని రీడరుతో సీలును చదివి ఈ వివరాలతో సరిపోల్చుకుంటారు. సరిపోతే, సీలు చెక్కుచెదరకుంటే, మామూలుగా కంటైనరు తెరవకుండానే ముందుకు కదులుతుంది. బోల్టు తెగితే లోపలి చిప్ పనిచేయదు కాబట్టి రీడరుకు సమాధానం రాదు. వాడకం మొదలుపెట్టిన కొత్తలో మా మేనేజరు గారు కూడా ఇది జీపీఎస్‌లా లారీ ఎక్కడుందో చూపిస్తుందని అనుకున్నారు. అలా చూపించదు. రీడరు దగ్గరకు వచ్చినప్పుడే మాట్లాడుతుంది; భీమవరం దాటిన తరువాత రేవు గేటు చేరేవరకు లారీ ఎక్కడ ఆగిందో ఈ సీలుకు తెలియదు. ఆ లోటును మేము డ్రైవరుతో మాట్లాడుకుని పూడ్చుకున్నాం: ఎక్కడ ఆగవచ్చో ముందే నిర్ణయించి, ఆగిన ప్రతిసారీ సీలు ఫొటో పంపమంటాం.

నమోదులో ఒక రాత్రి పొరపాటు మా వల్లే జరిగింది. రెండో కంటైనరు కూడా బే మీదకు వచ్చేసిన తొందరలో మా కుర్రాడు సీలు నంబరు చివరి రెండంకెలను తారుమారుగా కొట్టాడు. తెల్లవారుజామున డ్రైవరు ఫోన్ చేసి, “సార్, గేటు దగ్గర నంబరు కలవట్లేదంటున్నారండీ, పక్కకి పెట్టమన్నారు” అన్నాడు. సరిదిద్దే అధికారం యాప్‌లో మాకు లేదు. సీలు కంపెనీ వాళ్లే మార్చాలి. వాళ్ల సహాయ నంబరు ఉదయం తొమ్మిదిన్నర దాకా ఎత్తలేదు. అప్పటివరకు ట్రెయిలరు మీది జనరేటరు డీజిలు తాగుతూనే ఉంది. మేము గంటగంటకూ ఉష్ణోగ్రత అడుగుతూ కూర్చున్నాం. సరుకు చెడలేదు, ఓడ తప్పలేదు. కాని రేవు పని ఇరవైనాలుగు గంటలూ నడుస్తుందని తెలిసిన కంపెనీ, తన సహాయ విభాగాన్ని ఆఫీసు వేళలకే పరిమితం చేయడం నాకు నచ్చని విషయాల్లో మొదటిది. ఈ సేవ కొనేవారు ధర అడిగే ముందు రాత్రి రెండు గంటలకు ఎవరు ఫోన్ ఎత్తుతారో అడగాలి. మా వైపున కూడా ఒకరు చదవడం, మరొకరు సరిచూడడం అన్న నియమం ఆ రోజు నుంచి పెట్టుకున్నాం.

రెండో లోటు పాస్‌వర్డ్. పోర్టల్‌కు మొదట కంపెనీ మొత్తానికి ఒక్కటే లాగిన్ ఇచ్చారు. దాన్ని డిస్పాచ్‌లో అందరం వాడాం. చివరికి గోడ మీది క్యాలెండరు వెనుక కూడా రాసి ఉంది. అమెరికా కొనుగోలుదారు పంపిన భద్రతా ప్రశ్నావళి చదివేదాకా అది ఎంత తప్పో నాకు తట్టలేదు. 2001 నవంబరులో, ఆ ఏడాది సెప్టెంబరు 11 దాడుల తరువాత, అమెరికా కస్టమ్స్ మొదలుపెట్టిన సీటీప్యాట్ అనే సరుకు రవాణా భద్రతా పథకంలో మా కొనుగోలుదారు సభ్యుడు. 2019లో ఆ పథకం కనీస భద్రతా నియమాలను తిరగరాసినప్పుడు కంప్యూటర్ భద్రత, పురుగులూ తెగుళ్ల నివారణ వంటి కొత్త అధ్యాయాలు చేర్చారు. ఒక్కో మనిషికి ఒక్కో లాగిన్ ఉండాలన్నది వాటిలో ఒక నియమం. మేము లేఖ రాశాక సీలు కంపెనీ మూడు లాగిన్లు ఇచ్చింది. అడగకముందే ఇవ్వవలసినవి అవి.

ఆ ప్రశ్నావళి గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ సీలును నేను అంచనా వేసే కొలబద్ద అదే. మెక్సికో, కెనడా తయారీదారుల మాదిరిగా భారతదేశంలోని మనం సీటీప్యాట్‌లో దరఖాస్తు పెట్టి నేరుగా చేరే వీలు లేదు. అయినా అందులో సభ్యుడైన కొనుగోలుదారు తన సరఫరాదారులంతా ఆ నియమాలకు సరిపడా నడుస్తున్నారని చూసుకోవాలి కాబట్టి, ఆ బాధ్యత ప్రశ్నల రూపంలో మన బల్ల మీదకు వస్తుంది. ఐరోపా కొనుగోలుదారులైతే ప్రశ్నావళికి బదులు ఒక పేజీ హామీపత్రం పంపుతారు. సరుకు భద్రమైన ఆవరణలో తయారై, నిల్వ ఉండి, ఎక్కించబడుతోందని, దారిలో అనధికారిక జోక్యం నుంచి రక్షణ ఉందని, నమ్మకస్తులైన సిబ్బందే పనిచేస్తున్నారని, మన తరఫున పనిచేసే ఇతరులకు కూడా ఈ బాధ్యత తెలియజేశామని అందులో నాలుగు వాక్యాలు ఉంటాయి. చాలామంది చదవకుండానే ముద్ర వేసి పంపుతారు. ఆ నాలుగింటిలో సీలు నేరుగా తీర్చగలిగేది రెండోదాన్ని, అదీ కొంతవరకే.

నాలుగో వాక్యం మా రంగంలో చాలా దూరం పోతుంది. మాకు లేబరు కాంట్రాక్టరు ఉన్నాడు, లారీ యజమాని ఉన్నాడు, కార్టన్లు చేసే చిన్న యూనిట్ ఉంది, ఐసు వేసే వాళ్లున్నారు. లారీ యజమానిని కూర్చోబెట్టి డ్రైవరు మారితే గంటలోపు చెప్పాలని, దారిలో మనుషులను ఎక్కించుకోకూడదని ఒప్పందంలో రాయించేటప్పుడు ఆయన, “ఇన్నేళ్లుగా తోలుతున్నాం, ఇప్పుడు మమ్మల్ని దొంగల్లా చూస్తారా అండీ?” అని నొచ్చుకున్నారు. ఆయన బాధలో న్యాయం ఉంది. కాగితం అడగడంతో సరిపెట్టకుండా ఎందుకు అడుగుతున్నామో ఆయనకు కంటైనరు దగ్గర నిలబెట్టి రివెట్టు చూపించి చెప్పాక, ఇప్పుడు ఆయనే తన డ్రైవర్లకు చెబుతున్నారు. పెద్ద కొనుగోలుదారులు నియమాలు పంపినంత సులువుగా ఖర్చులో వాటా పంపరన్నది మాత్రం నా గట్టి అభ్యంతరం. కెమెరాలు, ప్రహరీ దీపాలు, రికార్డులు దాచే మనిషి, ఇవన్నీ చిన్న ప్లాంటుకు బరువే. కిలో ధరలో పైసా కదలకుండా ఈ బాధ్యతలన్నీ కిందికి తోసేయడం నాకు సబబుగా తోచదు.

సీలు నిల్వ విషయంలో మాకు మరొక పాఠం దొరికింది. కొనుగోలుదారు తరఫున వచ్చిన ఆడిటరు గారు ముందు కెమెరాలు అడగలేదు, ప్రహరీ చూడలేదు. బీరువా తెరిపించి సీళ్లు లెక్కపెట్టమన్నారు. రిజిస్టరు ప్రకారం ఉండవలసినదానికి ఒకటి తక్కువ వచ్చింది. గుర్తు చేసుకుంటే, ముందు చెప్పిన ఆ ఊడిపోయిన సీలును రాత్రికి రాత్రే చెత్తలో వేసేశాం; రిజిస్టరులో రాయలేదు. పనికిరాని సీలైనా దాని నంబరుకు సమాధానం ఉండాలి, లేకపోతే అది ఏ కంటైనరు మీద తేలినా జవాబుదారీ మనమే అని ఆయన నెమ్మదిగానే చెప్పారు. ఇప్పుడు చెడిన సీళ్లను కూడా సంచిలో నంబరు రాసి దాస్తాం; తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది; నెలకోసారి ఆ ఒక్కరు కాని వేరే మనిషి లెక్క చూస్తాడు. సీలు కంపెనీ పెట్టెలో నంబర్ల జాబితా ముద్రించి పంపడం ఈ పనికి చాలా ఉపయోగపడుతోంది. ఈ ఒక్క విషయంలో వాళ్లను మనసారా మెచ్చుకుంటాను. కొనేటప్పుడు ఐఎస్‌ఓ 17712 పరీక్షా ధ్రువపత్రం కూడా తీసుకుని, దాని మీది తేదీ చూడండి. ఒకసారి మాకు గడువు తీరిన పత్రం పంపారు. తిప్పి పంపితే రెండు రోజుల్లో కొత్తది వచ్చింది.

అమెరికాకు పంపేవారికి ఇంకొక చిన్న జాగ్రత్త. 2009 జనవరి నుంచి అక్కడి దిగుమతిదారు ముందస్తు భద్రతా సమాచారం దాఖలు చేయాలి. అందులో కంటైనరు ఎక్కడ నింపారు, ఎవరు నింపారు అన్నవి మన దగ్గర నుంచే వెళ్లాలి. తప్పు జరిగితే జరిమానా అక్కడివారికి పడినా, ఆ కోపం మన మీదకే వస్తుంది. ఈ వివరాలు పోర్టల్‌లో నింపిన వాటి నుంచే కాగితంగా తీసుకునే సౌకర్యం ఉంటే బాగుండేది. ప్రస్తుతం లేదు, మళ్లీ చేత్తో రాసుకుంటున్నాం.

ఇంతా చేసే ప్లాంట్లు మన కస్టమ్స్ వారు నమ్మకమైన వ్యాపారులకు ఇచ్చే ఏఈఓ గుర్తింపుకు కూడా దరఖాస్తు చేసుకోవాలని నా సలహా. 2016లో దాన్ని మూడు అంచెలుగా మార్చారు. మొదటి అంచె కాగితాల పరిశీలనతోనే వస్తుంది. రెండో అంచెకు అధికారులు వచ్చి ఆవరణ చూస్తారు. 2021లో భారత్, అమెరికా ఒకరి గుర్తింపును మరొకరు ఒప్పుకునే ఒప్పందం మీద సంతకాలు చేశాయి కనుక, ఆవరణ తనిఖీ జరిగిన గుర్తింపు ఉంటే కొనుగోలుదారు అడిగే ప్రశ్నల్లో చాలావాటికి అదే జవాబవుతుంది. సీలు రిజిస్టరు, ఎనిమిది చోట్ల తనిఖీ కాగితం ఉన్నవారికి ఆ దరఖాస్తులో సగం పని అయిపోయినట్టే.

చివరిగా ఒక కొరత. పెట్టెలో వచ్చే వాడకపు కాగితం ఇంగ్లిషులోనే ఉంది. సీలు బిగించేది ఆ కాగితం చదివే మేనేజరు కాదు. బేలో చలికోటు వేసుకుని నిలబడే మనిషి. మా దగ్గర ఆ మనుషుల్లో తెలుగువాళ్లతోపాటు ఒడియా వాళ్లు, బెంగాలీ వాళ్లు ఉన్నారు. మేమే బొమ్మలతో, తెలుగు అక్షరాలతో ఒక పలక చేయించి తలుపు పక్కన తగిలించాం. ఆ పలక ఫొటో సీలు కంపెనీకి పంపి, ఖర్చు మీకేమీ ఉండదు, దీన్నే ముద్రించి అందరి పెట్టెల్లో వేయండని రాశాను. వచ్చే ఏడాదికి కావలసిన సీళ్ల ఆర్డరును వాళ్లకే ఇచ్చాం. బార్‌కోడ్ చెక్కించి ఇవ్వడం, రాత్రి వేళ ఫోన్ ఎత్తడం, తెలుగు కాగితం అనే మూడు షరతులను ఈసారి ఆర్డరు కాగితం మీదే రాయించాం. మొదటిదానికి, మూడోదానికి ఒప్పుకున్నారు. రెండోదాని మీద ఇంకా మాటలు నడుస్తున్నాయి.